మనసు చదివే పాత్ర ఉంటే హత్య కథ రెండో ఎపిసోడ్‌లోనే అయిపోతోంది, ఏం చేయాలి?

కొత్తకలం
నమస్తే అందరికీ. 8 ఎపిసోడ్ల వెబ్ సిరీస్, ఒక్కోటి 40 నిమిషాలు. చంద్రుడి చుట్టూ తిరిగే స్టేషన్, సిబ్బంది 14 మంది. ప్రసాద్ అనే టెక్నీషియన్ ఎయిర్‌లాక్‌లో (స్టేషన్ నుంచి బయటి శూన్యంలోకి వెళ్ళే తలుపుల గదిలో) చనిపోతాడు. విచారణకి వచ్చిన నీలిమకి ఎదుటివాళ్ళ మనసులో మాట వినిపిస్తుంది. హంతకుడు డాక్టర్ జోసెఫ్. అతను ఎనిమిదో ఎపిసోడ్‌లో దొరకాలి. కానీ రెండో ఎపిసోడ్‌లోనే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతారు. అక్కడితో కథ అయిపోతోంది!

ఇప్పటిదాకా అనుకున్న దారులు మూడు. జోసెఫ్ దగ్గర మనసు కనపడకుండా చేసే జామర్ ఉండటం. సరిగ్గా ఆ టైముకి నీలిమకి తలనొప్పి రావడం. ఏడో ఎపిసోడ్ దాకా ఇద్దర్నీ కలపకపోవడం. మూడూ నాకే నచ్చలేదు. సైఫై సీరియల్స్ బాగా చూసినవాళ్ళు, రాసేవాళ్ళు దారి చెప్పండి.

మూడోగంట
మూడూ కొట్టేయండి. మిగిలిన 12 మంది మనసులు వినిపించి ఒక్కడిది వినిపించకపోతే ఆ నిశ్శబ్దమే వాణ్ణి పట్టిస్తుంది. తలనొప్పి ఒకసారి చెల్లుతుంది, రెండోసారి ప్రేక్షకుడు నవ్వుతాడు. ఇక ఇద్దర్నీ కలపకపోవడమంటారా, 14 మంది ఉన్న డబ్బాలో అది ఎలా కుదురుతుంది?

"మనసు చదవడం" అని ఒక్కమాటలో అనేస్తాం గానీ, అందులో కనీసం నాలుగు వేరువేరు పనులున్నాయి. భావం తెలియడం (భయపడుతున్నాడు). ఉద్దేశం తెలియడం (ఏదో చేయబోతున్నాడు). మాట వినిపించడం (ఈ క్షణంలో లోపల ఏం పలుకుతోందో). జ్ఞాపకం కనిపించడం (పోయినవారం ఏం జరిగిందో). మీ నీలిమది వీటిలో ఏది? పోస్టు చదివితే మూడోది అంటున్నారు, కానీ టీ సీన్‌కి భయపడుతున్నది నాలుగోది కూడా ఉన్నట్టు. జోసెఫ్ టీ తాగుతూ "వారం కిందట ప్రసాద్‌ని చంపాను" అని లోపల అప్పజెప్పుకోడు కదా. టీలో చక్కెర ఎక్కువైందని అనుకుంటాడు.

సిరీస్ బైబిల్ (పాత్రలు, కథా నియమాలు రాసుకునే పుస్తకం) మొదటి పేజీలో ఇవి రాసిపెట్టుకోండి: నాలుగింటిలో ఏది, ఎంత దూరం, తాకాలా చూడాలా, తను ఆపుకోగలదా, ఎదుటివాడికి తెలుస్తుందా, చదివాక తనకేమవుతుంది. ఒక్కో దానికి ఒక్క వాక్యం చాలు. తర్వాత ఏ ఎపిసోడ్‌లోనూ ఆ వాక్యం దాటకూడదు.

ఒక్క నియమం ఎంత పని చేస్తుందో చూడాలంటే 'స్టార్ ట్రెక్'లో స్పాక్. 1966లో 'డాగర్ ఆఫ్ ద మైండ్' ఎపిసోడ్‌లో మొదటిసారి మైండ్ మెల్డ్ వచ్చింది. ముఖం మీద వేళ్ళు పెట్టాలి, మనసు మనసుతో కలవాలి. దాంతో రహస్యంగా చేయడం కుదరదు, టీ తాగుతూ చేయడం కుదరదు, చేసిన ప్రతిసారీ అదో పెద్ద సీన్ అవుతుంది. రచయితకి సగం తలనొప్పి అక్కడే పోయింది.

ధ్రువకక్ష్య
బ్రిటిష్ సీరియల్ 'బ్లేక్స్ 7' (1978)లో కాలీ ఇంకో రకం. తన ఆలోచన ఎదుటివాళ్ళకి పంపగలదు, వాళ్ళది చదవలేదు. సస్పెన్స్ చెడదు, దూరంగా ఉన్నప్పుడు కబురు పంపే పని మాత్రం అవుతుంది. మీ కథకి అది పనికిరాదనుకోండి.

మీకు దగ్గరి ఉదాహరణ 'స్టార్ ట్రెక్: నెక్స్ట్ జనరేషన్' (1987–94)లో డియానా ట్రాయ్. తల్లి బీటజాయిడ్ (మనసు చదివే గ్రహాంతర జాతి), తండ్రి మనిషి. తల్లి ల్వాక్సానాకి ఆలోచనలే వినిపిస్తాయి, ట్రాయ్‌కి మనుషుల దగ్గర భావాలు మాత్రమే తెలుస్తాయి. అంటే మూడోగంట గారి లెక్కలో మొదటి మెట్టు. కాగితం మీద మంచి నిర్ణయమే. ఏదో దాస్తున్నాడని తెలుస్తుంది, ఏం దాస్తున్నాడో తెలియదు. సస్పెన్స్ పెరగాలి.

అడ్డప్రశ్న
పెరగాలి, కానీ పెరిగిందా? తెర మీద ఒకడు పళ్ళు కొరుకుతూ ఫిరంగులు తిప్పుతుంటే పక్కన కూర్చుని "అతనిలో కోపం కనిపిస్తోంది కెప్టెన్" అనడం! ఆ మాత్రం మాకూ కనిపిస్తోందమ్మా. నటుడి ముఖం చేస్తున్న పనినే డైలాగు మళ్ళీ చేస్తోంది. మొదటి సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లలో ఆమె అసలు కనపడదు కూడా.

ధ్రువకక్ష్య
ఒప్పుకుంటా. అయితే ఆ తప్పు భావానిది కాదు, అది ముఖంతో ఏకీభవించడంలో ఉంది. ముఖం నవ్వుతుంటే లోపల భయం, ముఖం ఏడుస్తుంటే లోపల ఊరట ఉండాలి. ఆ రెండింటికీ తేడా లేని చోట ట్రాయ్‌కి డైలాగు ఇవ్వకూడదు. నీలిమకీ అంతే.

ట్రాయ్ బాగా పండిన ఎపిసోడ్లు చూస్తే శక్తి సమాచారం ఇవ్వడానికి కాక చిక్కు తేవడానికి వాడారు. 'ద ప్రైస్' (1989)లో ఒక వార్మ్‌హోల్ హక్కుల కోసం బేరసారాలు. బేరమాడేవాళ్ళలో ఒకడు, డెవినోని రాల్, పావు వంతు బీటజాయిడ్. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా అవతలివాళ్ళ భయాలు చదివి బేరం గెలుస్తుంటాడు. ట్రాయ్ నిలదీస్తే తిరిగి అడుగుతాడు: నువ్వు ఓడలో కెప్టెన్ పక్కన కూర్చుని చేసేదీ ఇదే కదా? ఆ ప్రశ్నకి ఆమె దగ్గర తేలిక జవాబు లేదు. 'టిన్ మ్యాన్' (1990)లో టామ్ ఎల్‌బ్రన్ అనే బీటజాయిడ్‌కి పుట్టుకతోనే అందరి ఆలోచనలూ తోసుకొచ్చేస్తాయి, ఆపుకోలేడు. ఆండ్రాయిడ్ డేటా పక్కన కూర్చుంటే ప్రశాంతం, ఎందుకంటే డేటా లోపల అతనికి ఏమీ వినపడదు. ఒక్క చిన్న సీన్‌తో ఆ శక్తి ఎంత భారమో తెలిసిపోతుంది, తలపట్టుకుని అరవక్కర్లేదు.

పాతపుస్తకం
కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించాలి. ఈ "భావం తెలుస్తుంది, విషయం తెలియదు" అన్న నియమం టీవీ వాళ్ళు కనిపెట్టింది కాదు. పతంజలి యోగసూత్రాలు విభూతిపాదంలో 19వ సూత్రం "ప్రత్యయస్య పరచిత్తజ్ఞానమ్", అంటే ఎదుటివారి మనోవృత్తి మీద సంయమం చేస్తే (మనసు పూర్తిగా నిలిపితే) వారి చిత్తం తెలుస్తుంది. వెంటనే 20వ సూత్రం పగ్గం వేస్తుంది: "న చ తత్సాలంబనం". ఆ చిత్తం దేన్ని పట్టుకుని ఉందో అది మాత్రం తెలియదు. రాగంతో ఉందని తెలుస్తుంది, దేని మీది రాగమో తెలియదని వ్యాసభాష్యం. శక్తి ఇచ్చిన మరుసటి వాక్యంలోనే హద్దు గీశారు. బైబిల్ ఇలా రాయాలి!

అడ్డప్రశ్న
బాగుంది గానీ కొత్తకలం గారి నీలిమకి మాటలు వినిపిస్తాయి. దాన్ని భావం దాకా దించేస్తే సిరీస్‌కి ఉన్న ఒక్క ఆకర్షణా పోతుంది. మాట వినిపించాలి, హంతకుడు దొరక్కూడదు. దానికి దారి చెప్పండి.

ధ్రువకక్ష్య
చట్టం. 'బాబిలోన్ 5' (1993లో పైలట్, అంటే ముందుగా తీసిన ఎపిసోడ్, 94 నుంచి 98 దాకా సిరీస్) ఈ పని అందరికంటే శ్రద్ధగా చేసింది. దాని సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ అక్కడ ఒక్క మనసు చదివే మనిషిని కాదు, ఆ మనుషులున్న సమాజాన్నే రాశాడు.

మనుషుల్లో టెలిపాత్ (మనసు చదివేవాడు) అని తేలితే మూడే దారులు. సై కోర్ అనే సంస్థలో చేరాలి, లేదా జైలుకెళ్ళాలి, లేదా జీవితాంతం శక్తిని అణచే మందు ఎక్కించుకోవాలి. చేరినవాళ్ళకి బ్యాడ్జి, చేతికి గ్లవ్స్. గ్లవ్స్ ఎందుకంటే చర్మం తగిలితే అవతలి మనసు మరీ దగ్గరవుతుంది. శక్తికి పీ1 నుంచి పీ12 దాకా రేటింగు. వ్యాపార ఒప్పందాల్లో కూర్చుని ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పే టాలియా వింటర్స్ పీ5. తప్పించుకున్నవాళ్ళని వేటాడే సై కాప్ బెస్టర్ పీ12. వాల్టర్ కోనిగ్ వేశాడా పాత్ర, ఒరిజినల్ స్టార్ ట్రెక్‌లో చెకోవ్. మెత్తగా నవ్వుతూ మాట్లాడే మనిషిని చూస్తే భయమేయడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

గ్లవ్స్ ఖర్చు ఎంత? దాదాపు ఏమీ లేదు. గ్రాఫిక్స్ అక్కర్లేదు, ప్రతి ఫ్రేమ్‌లో నియమం కనపడుతూనే ఉంటుంది, గ్లవ్ తీసిందంటే సీన్ మొదలైనట్టే. నీలిమకి ఇలాంటి వస్తువు ఒకటి ఇవ్వండి.

కొత్తకలం
చట్టం ఉన్నా ఆమెకి పొరపాటున వినపడొచ్చు కదా? అనుమతి లేకుండా చదవకూడదు అంటే సరే. టీ బల్ల దగ్గర చెవిలో పడితే?

మూడోగంట
పడనివ్వండి! అక్కడే మీ కథ మొదలవుతుంది. "ఎవరు చేశారు" అన్న ప్రశ్న "తెలిసినదాన్ని ఎలా రుజువు చేయాలి"గా మారుతుంది. 'హీరోస్' (2006)లో మ్యాట్ పార్క్‌మన్ మామూలు పోలీసు. దాక్కున్న ఒక చిన్నపిల్ల భయం వినపడి ఆమెని కనిపెడతాడు. మెచ్చుకుంటారా? నీకెలా తెలిసిందని అతన్నే కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. తెలిసిన ప్రతి విషయానికీ మామూలు మార్గంలో ఇంకో ఆధారం వెతకాల్సి రావడం నీలిమకి రోజూ చేయాల్సిన పని అవుతుంది.

అడ్డప్రశ్న
అది ఆరు ఎపిసోడ్లు లాగదు. హంతకుడెవరో రెండో ఎపిసోడ్‌లో చెప్పేశాక తెలుగు ప్రేక్షకుడు ఎనిమిదో దానికి పరుగెత్తుతాడు.

కామా_ఫుల్‌స్టాప్
అందరూ ఒక పెద్ద విషయం వదిలేస్తున్నారు. మనసులో ఉన్నది నిజమని ఎవరన్నారు? మనసులో ఉండేది ఆ మనిషి నమ్మేది, కోరుకునేది, భయపడేది. జామర్ లేకుండా, అబద్ధం లేకుండా, చట్టం లేకుండానే నీలిమ పప్పులో కాలేయొచ్చు.

దీనికి అన్నిటికంటే శుభ్రమైన ఉదాహరణ పాత 'ట్విలైట్ జోన్' ఎపిసోడ్, 'ఎ పెన్నీ ఫర్ యువర్ థాట్స్', 1961. బ్యాంకు గుమాస్తా పూల్ పేపరు కొని నాణెం విసిరితే అది అంచు మీద నిలబడుతుంది. అప్పట్నుంచి ఆ రోజంతా అతనికి అందరి ఆలోచనలూ వినిపిస్తాయి. స్మిథర్స్ అనే వయసుమళ్ళిన ఉద్యోగి, ఎన్నో ఏళ్ళుగా నమ్మకంగా పనిచేసినవాడు, ఇవాళ డబ్బు సంచిలో వేసుకుని పారిపోతానని లోపల అనుకుంటుంటాడు. పూల్ వెళ్ళి మేనేజరుకి చెప్తాడు. సంచి తెరిపిస్తే డబ్బు లేదు. ఆ ముసలాయన ఏళ్ళ తరబడి రోజూ కనే పగటికల అది! చేసే ఉద్దేశం ఏనాడూ లేదు. పూల్ విన్న ప్రతి మాటా నిజమే, తేల్చింది మాత్రం తప్పు.

అరగంట ఎపిసోడ్, ఖర్చు ఒక నాణెం. 14 మంది స్టేషన్‌లో ప్రసాద్ చావు గురించి "నేనే చంపాను" అనుకునేవాళ్ళు కనీసం ముగ్గురుంటారు. ఆ రోజు డ్యూటీ మార్చుకున్నవాడు. సీల్ చెక్ చేశానని సంతకం పెట్టి చేయనివాడు. ముందురోజు వాడితో పోట్లాడి "చావు" అన్నవాడు. ముగ్గురి మనసులోనూ అదే వాక్యం, ముగ్గురూ మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఇప్పుడు నీలిమ ఏం చేస్తుంది?

కొత్తకలం
అబ్బ! ఇది బాగుంది. జోసెఫ్ మాత్రం లోపల ఏమీ అనుకోడు, అంతేనా?

కామా_ఫుల్‌స్టాప్
ఏమీ అనుకోకపోతే మళ్ళీ మూడోగంట గారు చెప్పిన నిశ్శబ్దం సమస్య వస్తుంది. అతనూ అనుకోవాలి. ఏదైనా ఒకదాన్ని తలుచుకోకూడదని గట్టిగా అనుకునేవాడికి అదే గుర్తొస్తుంది.

ధ్రువకక్ష్య
తనకే తెలియని మనిషి అనే దారి కూడా ఉంది. టాలియా లోపల సై కోర్ పెట్టిన రెండో వ్యక్తిత్వం ఒకటి ఉంటుంది, ఆమెకే తెలియదు. 'డివైడెడ్ లాయల్టీస్' (1995)లో లైటా మనసు ద్వారా ఒక సంకేతపదం పంపితే అది బయటపడుతుంది, టాలియా పాత్ర అక్కడితో సరి. నటి సిరీస్ వదిలి వెళ్ళే సందర్భం అది. ఏ పాత్రకి ఆ పాత్ర తప్పుకోవాల్సివస్తే ఎలా ముగించాలో స్ట్రాజిన్‌స్కీ ముందే తలుపొకటి పెట్టుకునేవాడు. లైటా ఎవరంటే పైలట్‌లో ఉన్న మొదటి టెలిపాత్, ఆ నటి సిరీస్‌కి రాకపోతే టాలియాని తెచ్చారు. ఒక టెలిపాత్ పోవడం, ఇంకొకరు రావడం, రెండూ కథలోనే కలిసిపోయాయి.

అదే ఎపిసోడ్‌లో ఇంకో సంగతి. స్టేషన్ అధికారి ఇవనోవా తనకీ కొద్దిపాటి శక్తి ఉందని తన కెప్టెన్ షెరిడన్‌తో ఒప్పుకుంటుంది. అంతకుముందు సీజన్లో 'ఐస్' అనే ఎపిసోడ్‌లో విచారణాధికారి టెలిపాత్‌ని వెంటబెట్టుకుని వస్తే, స్కాన్‌కి ఒప్పుకునేది లేదని మొండికేసింది. అప్పుడు అది తల్లి కథ వల్ల అనుకున్నాం. తల్లి మందు ఎక్కించుకుని కుంగిపోయి ప్రాణం తీసుకుంది. అది నిజమే, దాని వెనక ఇంకో నిజం ఉంది. చదవనివ్వకపోవడానికి రెండు కారణాలు పెట్టి మొదటిది ముందే చెప్పేస్తే, రెండోది ఉందని ఎవరూ అనుమానించరు. కొత్తకలం గారూ, ఈ పద్ధతి జోసెఫ్‌కి వాడుకోండి. డాక్టరు కాబట్టి రోగుల రహస్యాలు నా దగ్గరుంటాయి, నన్ను చదవొద్దు అంటాడు. నీతిగల మనిషి అనుకుంటాం.

మూడోగంట
ఆ కారణం బ్రహ్మాండం. డాక్టరు నియమం అందరికీ తెలిసిందే, విడమరచి చెప్పే పని లేదు.

ఇక ఆలోచనని ఎలా రాయాలి, ఎలా చూపించాలి అన్నది మాట్లాడదాం, ఎక్కువ స్క్రిప్టులు అక్కడే బోల్తా పడతాయి. మన డైలీ సీరియల్స్‌లో క్లోజప్ పడుతుంది, వెనక నుంచి గొంతు: "ఈ సంగతి అత్తయ్యకి తెలిస్తే ఇంకేమైనా ఉందా! ఎలాగైనా ఆ ఉత్తరం దాచేయాలి!" ఇది నాటకంలోని స్వగతం. సంస్కృత నాటకాల నుంచి వచ్చిన కట్టుబాటు: స్వగతం ప్రేక్షకుడికి మాత్రమే, ప్రకాశం అందరికీ, జనాంతికం చెయ్యి అడ్డం పెట్టి పక్కవాడికి, అపవారితం పక్కకి తిరిగి ఒక్కరికి. స్వగతం రంగం మీద ఇంకెవరికీ వినపడదు, ఆ ఒప్పందం మీదే అది నడుస్తుంది. నీలిమ వచ్చి ఆ ఒప్పందం తెంచేసింది. ఇప్పటిదాకా ప్రేక్షకుడొక్కడే మనసు చదివేవాడు, ఇప్పుడు పోటీ వచ్చింది.

అందుకే సీరియల్ స్వగతం భాష నీలిమకి వినపడే ఆలోచనకి పనికిరాదు. స్వగతం ప్రేక్షకుడికి అర్థం కావడానికి రాసింది, దానికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఉంటాయి. ఆలోచన ఎవరికోసమూ కాదు. తనకి తెలిసింది తను చెప్పుకోడు.

తప్పు: "నేను ప్రసాద్‌ని చంపిన సంగతి ఈ నీలిమ కనిపెడుతుందేమో!"
మేలు: "...కప్పు. చెయ్యి. చెయ్యి కింద పెట్టు. చూస్తోందా."

ఆరేడు మాటలు దాటితే అనుమానించండి. పేర్లు తీసేయండి, పక్కనున్న మనిషి పేరు మనసులో ఎవడూ పలకడు.

కామా_ఫుల్‌స్టాప్
తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ఒక లాభం, ఒక గండం ఉన్నాయి.

లాభం: మర్యాద. పైకి "రండి మాధవరావు గారూ", లోపల "వచ్చాడు వీడు". ఒక్క సర్వనామంతో మనిషి బయటపడిపోతాడు, కుట్ర గురించి ఒక్క మాటా అక్కర్లేదు. దీనికంటే పదునైనది మనం, మేము. పైకి "మనం చూసుకుందాం" అంటూ లోపల "మేం చూసుకుంటాం" అనుకున్నాడంటే, ఆ "మేం"లో నీలిమ లేదు. మరి ఎవరున్నారు? ఇంకో మనిషి ఉన్నాడన్న క్లూ ఒక్క అక్షరంలో దొరికింది.

గండం: క్రియ. "చేశాడు" అంటే మగవాడు అయిపోయాడు, "చేశారు" అంటే గౌరవించాల్సినవాడో, ఒకరికంటే ఎక్కువమందో. అనుమానితుల జాబితా సగానికి కోసుకుపోతుంది. "చేశాను"లో ఆడా మగా తేడా లేదు, అది క్షేమం. అసలు బంగారం "-ఇంది". "తీసింది" అంటే ఆమె తీసింది అనొచ్చు. "నేను తీసింది ఎవరూ చూడలేదు" అన్నప్పుడు తీసిన సంగతి అని అర్థం. మనం లోపల అనుకునేటప్పుడు "నేను" ఎలాగూ పలకం.

కాబట్టి టీ బల్ల దగ్గర జోసెఫ్ మనసులో పెట్టండి:

"తలుపు తీసింది ఎవరూ చూడలేదు."

నీలిమ ఎలా వింటుంది? "తలుపు తీసింది. ఎవరూ చూడలేదు." ఎవరో ఒక ఆడమనిషి ఎయిర్‌లాక్ తలుపు తీసింది, అది జోసెఫ్‌కి తెలుసు, దాస్తున్నాడు. జోసెఫ్ అనుకున్నది "(నేను) తలుపు తీసింది ఎవరూ చూడలేదు". అబద్ధం లేదు, జామర్ లేదు. హంతకుడు తన మనసులో తప్పు ఒప్పేసుకున్నాడు, ఆమె పూర్తిగా విన్నది, ప్రేక్షకుడూ విన్నాడు. స్టేషన్‌లో తలుపు కోడ్ తెలిసిన ఆడవాళ్ళు ఎందరు?

కొత్తకలం
ఒక్కరే. ఇంజనీరు శ్యామల. రెండు నిమిషాలు అలా చూస్తూ కూర్చున్నాను. అంటే జోసెఫ్‌ని ఆమె హంతకుడిగా కాక, శ్యామలని కాపాడుతున్న సాక్షిగా చూస్తుంది. ఐదు ఎపిసోడ్లు శ్యామల వెనక పడుతుంది, జోసెఫ్‌నే సాయం అడుగుతుంది.

అడ్డప్రశ్న
ఇప్పుడు నాకూ నచ్చింది. ఒక్క మెలిక. జోసెఫ్ తెలుగువాడేనా? స్టేషన్‌లో అందరూ తెలుగులోనే ఆలోచిస్తారా? మలయాళీ అయితే మలయాళంలో అనుకుంటాడు, మీ "-ఇంది" అక్కడ చెల్లదు.

కామా_ఫుల్‌స్టాప్
సరైన ప్రశ్న. గుంటూరు జోసెఫ్ అని మొదటి ఎపిసోడ్‌లో ఒక మాట పడేయండి. ఇంకా మంచిది ఏమిటంటే, వేరే భాషల వాళ్ళ ఆలోచన నీలిమకి ఆ భాషలోనే వినపడుతుంది, అర్థం కాదు అని నియమం పెట్టండి. తమిళ పైలట్ ఆలోచన ఒకటి అనువాదం లేకుండా వినిపించండి. అప్పుడు తెలుగువాళ్ళ ఆలోచనే తనకి పక్కాగా అర్థమవుతుందని నీలిమకి ధీమా వస్తుంది. ఆ ధీమాయే ముంచుతుంది.

మిక్సింగ్‌బల్ల
ఆలస్యంగా వచ్చాను. శబ్దం సంగతి చూడకపోతే పైన అనుకున్నదంతా వృథా.

ముందు, ఆలోచనకి ప్రతిధ్వని పెట్టకండి. గుహలో మాట్లాడినట్టుంటే మాట చివర్లు కరిగిపోతాయి, మీ కథ మొత్తం ఒక క్రియ చివర మీద నిలబడింది. మైకుకి నాలుగైదు అంగుళాల దూరంలో, గొంతు తగ్గించి, పొడిగా రికార్డు చేయండి. అంత దగ్గర్లో కింది శబ్దం ఉబ్బుతుంది, 100 హెర్ట్జ్ కింద కోసేయండి. ప, బ అక్షరాల గాలి దెబ్బ తగలకుండా మైకుని నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకి పెట్టండి. ఆలోచన వచ్చేటప్పుడు గొంతు పెంచడానికి బదులు గది చప్పుడు (ఫ్యాన్లు, పంపులు) ఓ 6 డెసిబెల్స్ దించండి. చెవి దానంతటదే దగ్గరికి వెళ్తుంది.

రెండోది, ఎడమ కుడి స్పీకర్ల మధ్య గుసగుసలు తిప్పే ముచ్చట వదిలేయండి. చాలామంది ఫోన్‌లో చూస్తారు. గొంతుని వెడల్పు చేసే ఎఫెక్టులు రెండు చానళ్ళ మధ్య ఫేజ్ తేడా తెస్తాయి, మోనోలో (రెండూ ఒకే చానల్‌గా) కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంట్లో హెడ్‌ఫోన్లో అద్భుతంగా ఉన్న ఆలోచన ఫోన్‌లో మాయమవుతుంది. మధ్యలోనే పెట్టండి, మిక్స్ అయ్యాక మోనో నొక్కి ఒకసారి వినండి.

మూడోది షూటింగ్‌లో. సీరియల్ సెట్లలో ప్రాంప్టింగ్ ఉంటుంది, ఎలాగూ డబ్బింగ్ చెప్తారు కాబట్టి పక్కనుంచి ఎవరో ఒకరు డైలాగు చదివేస్తారు. సింక్ సౌండ్ (సెట్‌లోనే గొంతు రికార్డు చేయడం) అయితే ఆ సౌకర్యం లేదు. నీలిమ పాత్రధారికి ఆలోచన ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలియకపోతే శూన్యంలోకి చూస్తుంటుంది, ఎడిట్ టేబుల్ మీద అది అతకదు. షూటింగ్‌కి ముందే ఆలోచనల గొంతు రికార్డు చేసి, చెవిలో కనపడని చిన్న ఇయర్‌పీసులో వినిపించండి. విన్న వెంటనే స్పందించొద్దని చెప్పండి. ఎవరైనా ఏదైనా అంటే అర క్షణం తర్వాతే మొహంలో తెలుస్తుంది.

ధ్రువకక్ష్య
వాయిస్ ఓవర్ ఒక్కటే దారి కాదు. 'ఫైర్‌ఫ్లై' (2002) 'ఆబ్జెక్ట్స్ ఇన్ స్పేస్'లో మనసు చదవగల అమ్మాయి రివర్ నడిచి వెళ్తుంటే ఓడలోవాళ్ళు మామూలు మాటల మధ్యలో, అదే గొంతుతో, అదే పెదవులతో లోపలి మాట అనేస్తారు, మళ్ళీ పాత సంభాషణలోకి వెళ్ళిపోతారు. ఏది అన్నారో ఏది అనుకున్నారో ఆమెకే తెలియదు, మనకీ తెలియదు. 'స్ట్రేంజర్ థింగ్స్'లో ఎలెవెన్ కళ్ళకి గంతలు కట్టుకుంటే నల్లటి శూన్యం, కింద పలచటి నీళ్ళు. చదివాక ముక్కులోంచి రక్తం. ఒకే గుర్తు, ప్రతిసారీ అదే.

మూడోగంట
నీలిమకి రక్తం వద్దు, అక్కణ్ణుంచి ఎత్తేసినట్టుంటుంది. టీ చల్లారిపోవడం చాలు. ఎవరినైనా విన్న ప్రతిసారీ ఆమె కప్పు ముట్టకుండా వదిలేసి ఉంటుంది.

కొత్తకలం
టీ సీన్ మళ్ళీ రాశాను.

*భోజనాల గది. జోసెఫ్ రెండు కప్పులు బల్ల మీద పెడతాడు. నీలిమ గ్లవ్స్ తీయదు.*
*జోసెఫ్: చక్కెర వేయలేదమ్మా. ఇక్కడ నెలకి రెండు కిలోలే ఇస్తారు.*
*నీలిమ: పర్లేదు సార్. ప్రసాద్ గురించి ఏమైనా...*
*జోసెఫ్: మంచి కుర్రాడు. నా దగ్గరికి మందులకి వచ్చేవాడు. ఎందుకని అడగొద్దు, చెప్పకూడదు.*
*ఫ్యాన్ల చప్పుడు తగ్గుతుంది.*
*జోసెఫ్ (మనసులో): కుడిచేయి వణుకుతోంది. తలుపు తీసింది ఎవరూ చూడలేదు. ఎవరూ.*
*నీలిమ తల ఎత్తదు. కప్పు పక్కకి జరుపుతుంది.*
*నీలిమ: ఎయిర్‌లాక్ కోడ్ ఎంతమందికి తెలుసు సార్?*

మూడోగంట
"కుడిచేయి వణుకుతోంది" తీసేయండి. నేరస్థుడని అక్కడే తెలిసిపోతోంది. దాని బదులు "రెండు కిలోలు కాదు, కిలోన్నర". పైకి చెప్పిన చిన్న అబద్ధాన్ని లోపల దిద్దుకుంటాడు, దాంతో లోపలి మాటే నిజమని ప్రేక్షకుడికి గురి కుదురుతుంది. తర్వాతి వాక్యాన్నీ అదే గురితో నమ్ముతాడు. చివరి "ఎవరూ" ఉంచండి.

కోడ్ ఎంతమందికి అని వెంటనే అడగడం తొందరపాటు, తను విన్నదని జోసెఫ్‌కి తెలిసిపోతుంది. "శ్యామల గారు డ్యూటీలో ఎప్పుడుంటారు" అని తర్వాతి సీన్‌లో ఇంకొకర్ని అడగాలి.

మిక్సింగ్‌బల్ల
ఆ వాక్యానికి సిరీస్ అంతా ఒకే ఒక్క టేక్ వాడండి. "తీసింది" దగ్గర ఆపకుండా, అలాగని గబగబా కలిపేయకుండా, సమంగా. ఏడో ఎపిసోడ్‌లో నీలిమకి అసలు అర్థం తట్టినప్పుడు అదే ఫైలు మళ్ళీ వాడాలి. రెండోసారికి కొత్తగా చెప్పించి విరుపు మారిస్తే ప్రేక్షకుడు వెనక్కి వెళ్ళి పోల్చి చూస్తాడు, మోసం చేశారంటాడు. గొంతు చెప్పే నటుడికి అర్థం ఏదో చెప్పకండి, వాక్యం మాత్రం ఇవ్వండి. పది టేకులు తీసుకోండి, బయటి మనుషులు నలుగురికి వినిపించండి. ఇద్దరు ఒకలా, ఇద్దరు ఇంకోలా అర్థం చేసుకున్న టేక్ మీది.

అడ్డప్రశ్న
అంత కష్టపడి సబ్‌టైటిల్‌లో చుక్క పెట్టేస్తే?

కామా_ఫుల్‌స్టాప్
పెడతారు! వాళ్ళ పనే అది. తెలుగు సబ్‌టైటిల్‌లో ఈ వాక్యం మధ్యలో ఏ గుర్తూ ఉండకూడదని, రెండు లైన్లుగా విరగ్గొట్టకూడదని స్క్రిప్టులోనే రాసివ్వండి. "తీసింది" దగ్గర లైను విరిగినా చుక్క పెట్టినట్టే. తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు చూడ్డానికి బాగుండవు, ఆలోచనలన్నిటికీ కొటేషన్ గుర్తులు వాడమనండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్ అసలు చిక్కు. అక్కడ నేను అనో ఆమె అనో ఎవరో ఒకరిని పెట్టాలి, ఏది పెట్టినా కథ పోతుంది. "తలుపు తెరుచుకోవడం" అని కర్త లేకుండా తిప్పుకోమని అనువాదకుడికి ముందే చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి, లేకపోతే మంచి ఇంగ్లీషు కాదని దిద్దేస్తారు.

కొత్తకలం
సబ్‌టైటిల్ నోట్ బైబిల్‌లో రాసేశాను, నియమాల కిందనే. చక్కెర కిలోన్నర చేశాను.